చరకుడి నిద్ర, వెలివాడ మెలకువ

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అని మనకో సామెత ఉంది. దీన్ని ఎవరు చెప్తున్నారు, ఎవరి గురించి చెప్తున్నారు అని మనం అడిగిన పాపాన పోలేదు. పరుపు మీద పడుకునేవాడు కటిక నేల మీద పడుకునేవాడి గురించి ఈ మాట అన్నప్పుడు దానికి ఇంకో అర్థం వస్తుంది. "కూలినాలి చేసుకునేవాళ్లకేం, తల వాలిస్తే చాలు నిద్ర పడుతుంది, మాకే ఈ మాత్రల గొడవ" అని పెద్దిళ్లలో వింటూనే ఉంటాం. మన కథల్లోనూ సినిమాల్లోనూ కాయకష్టం చేసినవాడు గురకపెట్టి నిద్రపోతాడు. డబ్బున్నవాడు అటూ ఇటూ దొర్లుతాడు. పైకి ఇది పేదవాణ్ణి మెచ్చుకున్నట్టే ఉంటుంది. లోపల మాత్రం వాడికి మంచి ఇల్లూ, మంచమూ, విశ్రాంతీ అక్కర్లేదనే తీర్పు దాగి ఉంది.

ఈ తీర్పు తప్పని చూపించే లెక్కలు కూడా ఇప్పుడు ఉన్నాయి. చెన్నైలో తక్కువ ఆదాయం గల 452 మంది మీద చేసిన ఒక పరిశోధన 2021లో అచ్చయింది. చేతికి నిద్రను కొలిచే పరికరం కట్టి చూశారు. రాత్రి ఎనిమిది గంటలు పక్క మీద ఉన్నవాళ్లు నిద్రపోయింది సుమారు ఐదున్నర గంటలే. పడుకున్నంతసేపట్లో దాదాపు మూడోవంతు మెలకువే. కష్టపడేవాడికి నిద్ర దానంతటదే వస్తుందన్న వాదన అక్కడే వీగిపోయింది.

నిద్రకూ దళిత ఉద్యమానికీ ఏం సంబంధం అని కొందరు మిత్రులు అడగొచ్చు. భూమి, కూలి, రిజర్వేషన్, ఆత్మగౌరవం - ఇవి కదా మన సమస్యలు అనొచ్చు. మేం అనేదేమంటే, వెలి పగటిపూట మాత్రమే పనిచేసే వ్యవస్థ కాదు. బావి దగ్గరా హోటల్లోనూ గుడి ముందూ కనపడే అంటరానితనం గురించి మనం చాలా రాశాం. చీకటి పడ్డాక అదే అంటరానితనం మనిషి ఒంట్లో ఏం చేస్తుందో పెద్దగా రాయలేదు. ఈలోగా మార్కెట్టు ఆ ఖాళీలోకి దూరింది. నిద్ర పట్టకపోతే ఫలానా వేరు పొడి, ఫలానా తైలం, ఇది మన ప్రాచీన విజ్ఞానం అంటూ సీసాలు అమ్ముతోంది. దీన్ని విమర్శించబోయి మనవాళ్లు రెండు తొందరపాట్లు చేస్తున్నారు. మూలికా వైద్యమంతా బ్రాహ్మణ బూటకమని కొట్టిపారెయ్యడం ఒకటి. అదంతా మన శ్రామిక కులాల సొత్తేనని భుజాన వేసుకుని ఊరేగడం రెండోది. ఈ రెండింటికీ దూరంగా ఉండి, రెండు గ్రంథాలను పక్కపక్కన పెట్టి చదవాలని మా ప్రయత్నం. ఒకటి చరక సంహిత. రెండోది అంబేద్కర్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'.

1

చరక సంహిత నిద్రను చిన్నచూపు చూడలేదు. శరీరాన్ని నిలబెట్టే మూడు ఊతల్లో ఆహారంతో పాటు నిద్రనూ లెక్కపెట్టింది. సూత్రస్థానం 21వ అధ్యాయంలో నిద్ర గురించి వివరంగా చెప్పింది. అది లోకంలో నిందకు గురయ్యే ఎనిమిది రకాల శరీరాల గురించిన అధ్యాయం. మరీ పొడుగు, మరీ పొట్టి, ఒళ్లంతా వెంట్రుకలున్నవాడు, బొత్తిగా లేనివాడు, మరీ నల్లన, మరీ తెల్లన, మరీ లావు, మరీ బక్క - ఇవీ ఆ ఎనిమిది. పుట్టుక కారణంగా నిందకు గురైన శరీరం ఈ పట్టికలో లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకుని ముందుకు పోదాం.

నిద్ర చెడగొట్టే వాటిలో భయం, చింత, కోపం, పస్తు, సుఖంలేని పక్క, పని, ముసలితనం, జబ్బు, వాతం అని గ్రంథం చెప్తుంది. చాలా సరిగ్గా చెప్పింది. ఇక మందుల దగ్గరికి వద్దాం. ఒంటికి నూనె మర్దన, నలుగు, స్నానం, మాంసరసం, పెరుగుతో వరి అన్నం, పాలు, నెయ్యి, మద్యం, మనసుకు సుఖం, నచ్చిన వాసనలు, నచ్చిన చప్పుళ్లు, ఒళ్లు పట్టించుకోవడం, తలకూ ముఖానికీ లేపనం, చక్కగా పరిచిన పక్క, హాయైన ఇల్లు. 25వ అధ్యాయంలో నిద్ర తెచ్చే వాటన్నిటిలోకీ బర్రె పాలు గొప్పవని కూడా ఉంది.

ఈ పట్టికను వెలివాడలో కూర్చుని చదవండి. ఇందులో మూలికలకన్నా ఆస్తులే ఎక్కువ కనిపిస్తాయి. పాడి కావాలి, మాగాణి కావాలి, ఇల్లు కావాలి, పరుపు కావాలి. అన్నిటికీ మించి ఇంకో మనిషి చేతులు కావాలి. మర్దన చేసేదెవరు? ఒళ్లు పట్టేదెవరు? పక్క పరిచేదెవరు? ఆ చేతుల గురించి గ్రంథం మాట్లాడదు. బర్రెల్ని కాసి, కడిగి, పేడ ఎత్తిన పాలేరు పిల్లవాడికి ఆ పాలు గొంతు దిగాయా అన్న ప్రశ్న దానికి రాదు. మనసుకు సుఖం మందు అంటుంది గానీ అది ఏ చెట్టుకు కాస్తుందో చెప్పదు. భయం నిద్రను చెడగొడుతుంది అంటుంది గానీ ఎవరివల్ల భయం అని అడగదు.

న్యాయంగా మాట్లాడుకుందాం. ఇదే అధ్యాయంలో పగటి నిద్ర మంచిది కాదని చెప్తూనే కొందరికి మినహాయింపు ఇచ్చారు. ఆ పట్టికలో పాటతో, చదువుతో అలిసినవాళ్లతో పాటు పనితో, బరువులు మోసి, దూరం నడిచి చిక్కిపోయినవాళ్లు కూడా ఉన్నారు. బరువు మోసేవాడు పగలు పడుకోవచ్చు అని రెండువేల ఏళ్ల నాటి వైద్యం ఒప్పుకుంది. చెన్నై పరిశోధనలోనూ తేలింది ఇదే. కళ్లగంతలు, చెవి బిరడాలు, ఫ్యాను, సలహాలు ఇస్తే రాత్రి నిద్ర 27 నిమిషాలు పెరిగింది గానీ దానివల్ల పెద్ద మేలు కనపడలేదు. పనిచోటే మధ్యాహ్నం అరగంట కునుకు తియ్యనిస్తే పనీ మెరుగైంది, మనసూ కుదుటపడింది. వైద్యుడు ఎప్పుడో ఒప్పుకున్న ఈ కునుకును పొలం గట్టు మీద ఆసామి ఒప్పుకున్నాడా? చెట్టుకింద నడుం వాల్చిన కూలివాణ్ణి సోమరి అన్నది ఎవరు?

ఆ వైద్యుణ్ణి కూడా ధర్మశాస్త్రం నెత్తిన పెట్టుకోలేదు. వైద్యుడి కూడు తినకూడదనీ, శ్రాద్ధానికి వైద్యుణ్ణి పిలవకూడదనీ మనుస్మృతిలో ఉంది. ఈ తగాదానే ఆధారం చేసుకుని దేవీప్రసాద్ చటోపాధ్యాయ 1977లో 'సైన్స్ అండ్ సొసైటీ ఇన్ ఏన్షియంట్ ఇండియా' రాశాడు. వైద్యుడు శవాన్నీ మలాన్నీ రక్తాన్నీ చూడాలి, అందరినీ ముట్టుకోవాలి, కనుకే వర్ణవ్యవస్థకు కంటయ్యాడన్నది ఆయన వాదన. ఈ వాదనలో బలం ఉంది. అయితే మనువు తిట్టినంత మాత్రాన వైద్యుడు మన పక్షం అయిపోడు. ఎవరి ఇంట్లో కూర్చుని మందు చెప్తున్నాడో ఆ ఇంటి సరుకులే అతని పట్టికలో చేరాయి.

2

ఇప్పుడు రెండో గ్రంథం. అంబేద్కర్ 1930లలో రాసిపెట్టుకున్న చిన్న పుస్తకం ఇది. ఆయన పోయాక ఎన్నో ఏళ్లకు, 1990లో అచ్చయింది. దీన్ని మనం అంటరానితనానికి సాక్ష్యంగా చదివాం, పాఠాలు చెప్పాం. నిద్ర గురించిన పుస్తకంగా చదవలేదు. ఒకసారి అలా చదివి చూడండి.

1901లో నలుగురు పిల్లలు తండ్రిని చూడటానికి గోరేగావ్ బయల్దేరతారు. మసూర్ స్టేషన్లో దిగాక కులం తెలిసి బండివాళ్లు రామంటారు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుంటామంటే ఒకడు ఒప్పుకుంటాడు. దారిలో రాత్రవుతుంది. చేతిలో అన్నం ఉంది, తాగడానికి నీళ్లు లేవు. సుంకం వసూలు చేసేవాడు నీళ్లివ్వడు. పస్తు పడుకోవాల్సొచ్చింది. అప్పుడు పెద్ద పిల్లవాడు ఒక ఏర్పాటు చేస్తాడు. అందరం ఒకేసారి నిద్రపోవద్దు, ఇద్దరు పడుకుంటే ఇద్దరు కాపలా ఉండాలి. పదేళ్లు కూడా నిండని పిల్లవాడు ఆ రాత్రి నేర్చుకున్న పాఠం అది.

1917లో బరోడా. కొలంబియాలో చదివొచ్చి పెద్ద ఉద్యోగంలో చేరిన మనిషికి ఊళ్లో అద్దె గది దొరకదు. మారుపేరుతో పార్సీ సత్రంలో దిగుతాడు. పై అంతస్తులో ఆయన ఒక్కడే. పక్కనున్న పెద్ద హాలు నిండా విరిగిన బల్లలు, చెత్త సామాన్లు. కరెంటు దీపం లేదు. లాంతరు వెలుగు నాలుగు అంగుళాలు దాటదు. గబ్బిలాల రెక్కల చప్పుడు. మాట్లాడటానికి ఒక్క మనిషి ఉంటే చాలని ప్రాణం కొట్టుకుంటుంది. ఒంటరితనం మరిచిపోవడానికి పుస్తకాలు చదువుతూ పోతాడు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని డజను మంది మెట్లెక్కి వస్తారు.

ఈ రెండు రాత్రులకూ చరకుడి పట్టికలో మందు వెతకండి. బర్రె పాలు ఇస్తే ఆ పిల్లలు కాపలా మానేవాళ్లా? తలకు తైలం రాస్తే బరోడా సత్రంలో నిద్ర పట్టేదా? ఒకవేళ ఏదో వేరు నూరి తాగించి నిద్రపుచ్చితే అది మేలయ్యేదా, కీడయ్యేదా? కర్రలు పట్టుకొచ్చేవాళ్లుండగా మత్తులో పడి ఉండటం ఆరోగ్యం ఎలా అవుతుంది? వెలిలో పడ్డవాడి మెలకువను రోగ లక్షణమని రాసే ముందు అది కాపలా ఏమో చూడాలి. మా వాదనకు కేంద్రం ఇదే.

3

ఒంటరితనానికీ నిద్రకూ ఉన్న సంబంధాన్ని ఈమధ్య శాస్త్రజ్ఞులు కూడా పట్టించుకున్నారు. అమెరికాలో జాన్ కేసియప్పో బృందం 2002లో, ఒంటరిగా ఉన్నామనుకునేవాళ్ల నిద్ర తరచూ తెగిపోతోందని చూపించింది. 2011లో సౌత్ డకోటాలో హటరైట్లు అనే సమష్టి వ్యవసాయ సమాజంలో 95 మందిని పరీక్షించినప్పుడూ అదే తేలింది. అందరూ కలిసి పండించి కలిసి తినే చోట కూడా, లోలోపల ఒంటరిననుకునేవాళ్లకు నిద్ర ముక్కలు ముక్కలయింది. నిద్రపోయే గంటలు తగ్గలేదు, మధ్యమధ్య మెలకువలు పెరిగాయి. గుంపునుంచి విడిపోయిన ప్రాణికి రాత్రి ప్రమాదం గనుక దాని ఒళ్లు సగం మేలుకునే ఉంటుందని వాళ్లు వివరణ ఇచ్చారు. మసూర్ దారిలో నలుగురు పిల్లలు చేసిన పని అదే.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ పరిశోధనల్లో మాట ఒంటరితనం. మనది వెలి. తెలుగు వ్యాకరణమే ఈ తేడా చెప్తుంది. మనిషి ఒంటరి అవుతాడు. మనిషిని వెలి వేస్తారు. వేసేవాళ్లు లేకుండా వెలి లేదు. ఒంటరితనానికి మందుగా స్నేహితుల్ని చేసుకో, సంఘంలో చేరు, నలుగురితో కలువు అంటారు. ఊరంతా ఒక్కటై పనికి పిలవం, సరుకు అమ్మం, పలకరిస్తే జరిమానా అని కట్టుబాటు పెట్టుకున్నప్పుడు ఎవరితో కలవాలి? అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991లో మొదట సాంఘిక బహిష్కరణ వచ్చింది. ఆ వెనకే ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బహిష్కరణ అంటే మాటలు లేకపోవడం ఒక్కటే కాదు, దాడికి ముందుమాట కూడా అని అక్కడి రాత్రులు నేర్పాయి.

చదువుకున్నవాళ్ల సంగతీ అంతే. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి బయటికి పంపేసిన ఐదుగురు దళిత విద్యార్థులు ఆవరణలోనే చలిలో ఆరుబయట పడుకున్నారు. ఆ చోటుకు 'వెలివాడ' అని వాళ్లే పేరు పెట్టారు. ఆ ఐదుగురిలో ఒకరైన రోహిత్ వేముల జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత మానసిక ఆరోగ్యం గురించి, కౌన్సెలింగ్ గురించి చాలామంది మాట్లాడారు. పడుకునే గదిని ఎవరు లాక్కున్నారన్న ప్రశ్న ఆ మాటల్లో పక్కకు పోకుండా చూడాల్సింది మనమే.

4

అయితే మూలికల్లో ఏమీ లేదా? ఉంది. పాతాళగంధి కథే చూడండి. సర్పగంధ అని సంస్కృతంలో పిలిచే ఈ మొక్క వేరును బీహార్ పల్లెల్లో పిచ్చికి మందుగా వాడేవాళ్లు. పేదిళ్ల తల్లులు పసిపిల్లల్ని నిద్రపుచ్చడానికి వాడేవారని కూడా పాత రాతలు చెప్తున్నాయి. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దీని మీద వ్యాసం అచ్చేశారు. 1952లో స్విట్జర్లాండ్ కంపెనీ సీబా శాస్త్రజ్ఞులు ఇందులోంచి రిసర్పిన్ అనే పదార్థం తీశారు. రక్తపోటుకూ మనోవ్యాధులకూ అది ప్రపంచమంతా పాకింది. మనసును కుంగదీస్తుందన్న అనుమానంతో తర్వాత వాడకం తగ్గింది. వేరులో బలం ఉంది గనుకనే హానీ ఉంది. ఆకుపసరు గదా ఏం చేస్తుందిలే అనుకోవడం ప్రమాదం.

ఇవాళ మార్కెట్లో వెలుగుతున్నది పెన్నేరుగడ్డ, అంటే అశ్వగంధ. దాని లాటిన్ పేరు సోమ్నిఫెరాలోనే నిద్ర తెచ్చేది అన్న అర్థం ఉంది. 2021లో అచ్చయిన ఒక సమీక్ష ఐదు పరీక్షల్ని, మొత్తం 400 మందిని కలిపి చూసి, నిద్ర మీద దీని ప్రభావం చిన్నదైనా నిజమేనని తేల్చింది. ఇంకోపక్క 2023లో డెన్మార్క్ దీన్ని ఆహారంలో వాడకుండా నిషేధించింది. థైరాయిడ్ మీదా గర్భం మీదా ప్రభావం ఉండొచ్చన్నది వాళ్ల భయం. కాబట్టి పెన్నేరుగడ్డ చిన్న మేలు చేసే మందు. దాన్ని అంతవరకే చూడాలి. వెలికి అది విరుగుడు కాదు. సీసా మీది బొమ్మలో మెత్తని పక్క మీద నవ్వుతూ పడుకున్న మనిషికి కాపలా కాసే అవసరం లేదు. ఆ అవసరం ఉన్నవాడికి అదే సీసా అమ్మితే, నీ మెలకువకు కారణం నీ ఒంట్లోనే ఉందని చెప్పినట్టవుతుంది.

ఇక ఈ జ్ఞానం ఎవరిది? చరక సంహిత మొదటి అధ్యాయమే ఈ సంగతి బయటపెడుతుంది. మేకలు కాసేవాళ్లకు, గొర్రెలు కాసేవాళ్లకు, పశువులు కాసేవాళ్లకు, అడవిలో ఉండేవాళ్లకు మూలికల పేరూ రూపమూ తెలుసు అంటుంది. వెంటనే, పేరూ రూపమూ తెలిసినంత మాత్రాన సరిపోదు, వాటిని ఎలా వాడాలో తెలిసినవాడే తత్వం తెలిసినవాడు అంటుంది. వెతకడం, గుర్తుపట్టడం, తవ్వడం ఒకరివి. తత్వం ఇంకొకరిది. బీహార్ తల్లి ఆ వేరు నిద్ర తెస్తుందని తెలిసే వాడింది గదా, అది వాడకం తెలియడం కాదా?

ఈ గీత అక్కడితో ఆగలేదు. జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. మొక్కల వనరుల్నీ వాటి గురించిన జ్ఞానాన్నీ వాడుకుని లాభం పొందేవాళ్లు ఆ లాభంలో వాటిని కాపాడిన జనానికి వాటా ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. 2023లో దాన్ని సవరించి, గ్రంథాలకెక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్లకు ఆ బాధ్యత తీసేశారు. కోయ, చెంచు, ఎరుకల మంత్రసాని నోట ఉన్నది ఎప్పుడో గ్రంథంలోకెక్కితే, ఇప్పుడు అది గ్రంథం సొత్తు. రాసుకున్నవాడికి హక్కు, చెప్పినవాడికి నమస్కారం.

ఈ అన్యాయానికి జవాబుగా కంచ ఐలయ్య 2009లో వచ్చిన 'పోస్ట్ హిందూ ఇండియా'లో మంగలివాళ్లను సామాజిక వైద్యులన్నాడు. కత్తి పట్టి కురుపు కోసిన చేతిని, తల పట్టిన చేతిని చరిత్రలోకి తెచ్చినందుకు ఆయనకు మనం రుణపడి ఉన్నాం. కానీ ఒక మాట అడగక తప్పదు. ఆ వైద్యుడి చెయ్యి మాలపల్లెకూ మాదిగగూడేనికీ వచ్చిందా? 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి చేసిన సర్వే 2006లో 'అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా' పేరుతో అచ్చయింది. దళితులకు క్షౌరం చెయ్యని ఊళ్లు ఎన్నో అందులో నమోదయ్యాయి. చరకుడు నిద్రకు మందుగా చెప్పిన ఆ చేతి స్పర్శ కూడా వెలివాడ పొలిమేర దగ్గరే ఆగిపోయింది. ఇందులో మంగలిని తప్పుపట్టి లాభం లేదు. పల్లెకు పోయి పనిచేస్తే ఊరు అతన్నీ వెలివేస్తుంది. శ్రామిక కులాల జ్ఞానం అని ఒక్క ముద్దగా మాట్లాడేటప్పుడు ఈ మెట్లు మరిచిపోకూడదని మాత్రమే మేం అంటున్నాం.

5

కాబట్టి మూలికా వైద్యాన్ని ఎలా చదవాలి? మందును మందుగా పరీక్షించాలి. ఎంత మేలు, ఎంత కీడు అని తూచాలి. దాన్ని కనిపెట్టిన, తవ్విన, దంచిన చేతులకు పేరూ వాటా అడగాలి. మన అమ్మలు మాడుకు ఆముదం అద్దుతూ పక్కన కూర్చున్నప్పుడు పనిచేసింది ఆముదం ఒక్కటే కాదని, పక్కన మనిషి ఉండటం కూడానని గుర్తించాలి. సీసాలో అమ్మగలిగింది మొదటిదే.

2015లో సవరించిన అత్యాచార నిరోధక చట్టం సాంఘిక బహిష్కరణను నేరమని రాసింది. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. చట్టం గుర్తించిన ఈ గాయాన్ని వైద్యం కూడా గుర్తించాలని అడగాల్సిన సమయం వచ్చింది. బహిష్కరణ జరిగిన ఊరికి నిజనిర్ధారణకు పోయే కార్యకర్తలు ఎన్ని ఇళ్లు కాలాయి, ఎన్ని రోజులు కూలి పోయింది అని రాసుకున్నట్టే, రాత్రుళ్లు ఎవరెవరు మేలుకుని ఉంటున్నారో కూడా రాసుకోవాలి. పిల్లవాడు క్లాసులో తూగుతుంటే బెత్తం తీసే ముందు రాత్రి ఎక్కడ పడుకున్నాడో ఉపాధ్యాయుడు కనుక్కోవాలి. హాస్టల్లో పక్క మంచం ఖాళీ చేసి వెళ్లిపోయినవాడి గురించి, ఒంటరిగా మిగిలినవాడి గురించి విద్యార్థి సంఘాలు పట్టించుకోవాలి. నిద్ర పట్టడం లేదని వచ్చిన మనిషిని డాక్టరైనా నాటువైద్యుడైనా ఏం తింటున్నావు, ఎప్పుడు పడుకుంటున్నావు అని అడుగుతాడు. నిన్ను ఎవరైనా వెలివేశారా అని కూడా అడగాలి. అవునని జవాబొస్తే, మందు చీటీ రాసివ్వడంతో పాటు ఆ మనిషి వెంట పోలీస్ స్టేషన్‌కు నడిచేవాళ్లు కావాలి. అక్కడ మన సంఘాల పని ఉంది.